కాగితానికి రెండో వైపు

జూన్ 14

మిడతకి,

అత్త రాస్తున్నది. నీ ఉత్తరం చేరింది. రావడానికి నాలుగు రోజులు పట్టింది, చదవడానికి అర నిమిషం పట్టలేదు. "అత్తా, బాగున్నాను. పాఠాలు బాగున్నాయి. వేళకి తింటున్నాను. ఉంటాను." ఇది ఉత్తరమా, తలుపు సందులోంచి పలకరించి వెళ్ళిపోవడమా? మొదటి ఏడాది ఎనిమిదేసి పేజీలు రాసేదానివి. మీ లాబ్‌లో ఎవరెవరు ఎన్ని గాజు గొట్టాలు పగలగొట్టారో కూడా నాకు తెలిసేది.

ఫోన్ చేస్తానంటావేమో, వద్దు. ఇరవై రెండేళ్ళు లాండ్రీ మిషన్ల పక్కన నిలబడ్డ చెవులివి. ఫోన్‌లో నువ్వు ఏడ్చినా నవ్వినా నాకు ఒకటే గొణుగుడు. కాయితం మీదయితే నా దగ్గర ఏదీ దాగదు.

కాబట్టి ఇవాళ్టి నుంచి ఒక షరతు. ప్రతి ఉత్తరంలోనూ ఒక పాఠం ఉండాలి. ఆ వారం నువ్వు నేర్చుకున్నదాంట్లో ఒకటి, నాకు అర్థమయ్యేట్టు. మీ నాన్న పోయాక రెండో తరగతి పుస్తకం చంకన పెట్టుకుని నా ఇంటికొచ్చావు. నువ్వు పలక మీద దిద్దుతుంటే నీ వెనక కూర్చుని నేనూ దిద్దాను. అలా వచ్చిన అక్షరాలే ఇవి. మన వంశంలో బడి మొహం చూసిన మొదటి మనిషివి నువ్వు. నీ వెనక కూర్చోవడం నాకు అలవాటే, మళ్ళీ కూర్చుంటాను.

ఇక్కడ పని ఎప్పటిలాగే. ఆసుపత్రి దుప్పట్లే దుప్పట్లు. కొత్త బోరు వేశాక ఎంత ఉతికినా బూడిద రంగు వదలడం లేదు. సబ్బు ఎక్కువ వెయ్యమంటాడు మేస్త్రీ. వేస్తే ఇంకా జిడ్డు. ఇస్త్రీ ఆమె అయితే "ఇవి దుప్పట్లు కావు, మబ్బులు" అంటోంది. వాన రాకుండానే అట్లా ఉన్నాయి.

పాఠం మర్చిపోకు.

నీ వెనక బెంచీ,
అత్త

జూన్ 20
(రాశాను, పోస్టు చెయ్యలేదు)

అత్తా,

ఫిబ్రవరి నుంచి నేను కాలేజీకి వెళ్ళడం లేదు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంతసేపు పట్టింది. మిగతాది తొందరగా చెప్పేస్తాను. రెండో ఏడాది మధ్యలో కెమిస్ట్రీ పరీక్షలో యాభైకి ఆరు వచ్చాయి. సార్ తిట్టలేదు. "ఎక్కడ అర్థం కాలేదమ్మా?" అని అడిగారు. ఎక్కడో చెప్పడానికైనా కొంత తెలియాలి కదా. పేపరు మడిచి పట్టుకుని బయటికొచ్చేశాను. మర్నాడు తలనొప్పని వెళ్ళలేదు. ఆ మర్నాటికి మొహం చూపించకపోవడానికి రెండు కారణాలయ్యాయి, ఆ ఆరు మార్కులూ, ఆ సెలవూ. తర్వాత రోజుకొక కారణం చొప్పున పెరిగాయి. ఏప్రిల్‌లో పరీక్షలు రాయలేదు. హాస్టల్ ఖాళీ చేశాను.

నన్నెవరూ వెళ్ళగొట్టలేదు. కష్టం వచ్చి మానలేదు. సిగ్గుపడి మానేశాను. నువ్వు నిలబడి చదివిస్తున్న చదువుని నేను కూర్చుని పోగొట్టుకున్నాను.

ఇప్పుడు కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. పైన గదిలోనే ఉంటున్నాను. హాస్టల్లో ఉత్తరాలు పోతున్నాయని నీకు షాపు చిరునామా ఇచ్చింది అందుకే. నాతో చదివినవాళ్ళు వచ్చి నోట్సులు ఇస్తారు. నేను తలెత్తకుండా కాపీలు తీసి ఇస్తాను.

ఇది నీకు పంపే ధైర్యం నాకు లేదు. నీ షరతు చదివాక ఇంకా లేదు.

జూన్ 21

ప్రియమైన అత్తా,

నీ షరతుకి ఒప్పుకున్నాను. ఇదిగో మొదటి పాఠం, నీ మబ్బుల గురించే.

నీళ్ళన్నీ ఒకటి కాదు. భూమి లోతుల్లోంచి వచ్చే నీళ్ళు రాళ్ళ మధ్య నడుస్తూ సున్నం లాంటి లవణాలని కరిగించుకుంటాయి. అది కఠిన జలం. అందులో సబ్బు వేస్తే, సబ్బు ముందు ఆ లవణాలతో కలిసిపోయి జిడ్డు ముద్దవుతుంది. నురగ రాదు. ఆ జిడ్డే దుప్పట్లకి పట్టుకునే బూడిద రంగు. మీ మేస్త్రీ సబ్బు ఎక్కువ వెయ్యమనడం జిడ్డుని పెంచడమే.

పరీక్ష చాలా తేలిక. ఒకేలాంటి రెండు సీసాల్లో సమానంగా నీళ్ళు తీసుకో. ఒకదానిలో బోరు నీళ్ళు, ఇంకొకదానిలో వాన నీళ్ళు. సబ్బు నీళ్ళు ఒక్కొక్క చుక్కే వేస్తూ, మూత పెట్టి కుదుపుతూ ఉండు. నిలిచే నురగ వచ్చేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టు. ఎక్కువ చుక్కలు తాగిన నీళ్ళే కఠినం.

ఇది మేం పోయిన వారం లాబ్‌లో చేశాం. నేనూ చేశాను.

నిజంగా బాగున్నాను అత్తా. ఈసారి మూడు లైన్లు కాదు, చూశావుగా.

మిడత

జూలై 6

ఓసి నా బంగారు మిడతా,

ఇంత మంచి ఉత్తరం నాకు నా పుట్టుకలో రాలేదు. టీ వేళ అందరికీ చదివి వినిపించాను. ఆ పూటే సీసాలు కడిగి మొదలెట్టాం. వాన నీళ్ళు ఏడు చుక్కలకే పొంగాయి. బోరు నీళ్ళు చూడు, వేస్తున్నాం, ఊపుతున్నాం, వేస్తున్నాం, ఊపుతున్నాం. ముప్పై ఎనిమిది! బాయిలరాయన దూరం నుంచి చూసి, "ఏమ్మా, మందు కలుపుతున్నారా? ఎవరికి?" అన్నాడు. "నీకే, తాగుతావా?" అంది ఇస్త్రీ ఆమె. మనిషి ఆ మూలకి మళ్ళీ రాలేదు.

యజమానికి కూడా సీసాలు చూపించాను. మా మేనకోడలు చదివే చదువు ఇది, ఇవన్నీ తన చేతుల్తో చేస్తుంది అని చెప్పాను. అప్పుడాయన వెనక షెడ్డులో ఉన్న పాత తొట్టి చూపించాడు. లోపల తేనె రంగు పూసలు. నీళ్ళని మెత్తబరిచే తొట్టట, పాత యజమాని కొన్నదట. దాన్ని నడపడం ఎవరికీ తెలియదు. "మీ అమ్మాయిని అడుగు" అన్నాడు. ఆయన నన్నొక మాట అడగడం ఇదే మొదలు. చూడు మరి.

ఇప్పుడు ఇంకో విషయం. దాచకుండా చెప్పు. నువ్వు ఉత్తరం రాసిన కాయితానికి వెనక వైపు ఏదో అచ్చయి ఉంది. ఇంటి అద్దె ఒప్పందం, సగం. "భార్యాభర్తలిద్దరు మాత్రమే నివసించవలెను, గోడలకు మేకులు కొట్టరాదు" అని ఉంది. ఎవరే ఆ భర్త? ఉంటే ఉన్నాడు, కొట్టనులే. కానీ చదువు అయ్యేదాకా ఆగలేకపోయాడా? మేకులు కొట్టే రకమా?

నీ జవాబు కోసం చూస్తుంటాను, రెండిటికీ.

అత్త

జూలై 15

అత్తా,

భర్తా లేడు, మేకులూ లేవు. అది జిరాక్స్ షాపులో పాడైన కాపీ, ఒక వైపు ఖాళీగా ఉంటే తెచ్చుకున్నాను. ఈ ఉత్తరం వెనక ఎవరిదో వంటపాత్రల రసీదు ఉంటుంది. దాన్ని చూసి పిల్లలెందరని అడగకు.

తొట్టి గురించి మూడు రోజులు కూర్చుని రాశాను. ఆ తేనె రంగు పూసలు నీళ్ళలోని లవణాలని పట్టుకుని ఆపేస్తాయి. కొన్నాళ్ళకి అవి నిండిపోతాయి. అప్పుడు ఉప్పు నీళ్ళు పోస్తే పట్టుకున్నదంతా వదిలేసి మళ్ళీ కొత్తవవుతాయి. ఎలాగంటే:

ముందు మంచి నీళ్ళు కింది నుంచి పైకి వదిలి పూసల్లో మట్టి పోగొట్టాలి. తర్వాత పై నుంచి ఉప్పు నీళ్ళు నెమ్మదిగా వదలాలి. అరగంట అలాగే ఉంచాలి. ఇక తొట్టి సిద్ధం, అందులోంచి వచ్చే నీటిని ఉతకడానికి వాడుకోవచ్చు.

ఉప్పు ఎంత, నీళ్ళెంత అనేది పక్క కాగితం మీద బొమ్మ వేసి రాశాను. ఒక చోట నోట్సులో వాక్యం ముందుదానితో అతకనట్టు అనిపించింది గానీ, తరగతిలో అందరం తొందరగా రాసుకుంటాం కదా, అదే అయ్యుంటుంది. నువ్వేం భయపడకు. మా సార్ చేయించారు, నేను దగ్గరుండి చేశాను.

అత్తా, ఒక మాట. ఈ మూడు రోజులూ నాకు చాలా సంతోషంగా గడిచాయి. ఎందుకో తెలియదు.

మిడత

ఆగస్టు 9

మిడతకి,

నువ్వు చెప్పినట్టే చేశాం. ఒక్క అక్షరం తప్పలేదు. బొమ్మ గోడకి అంటించి మరీ చేశాం.

మొదటి విడత నీళ్ళకి సబ్బు విరిగిన పాలలా ముక్కలు ముక్కలయింది. రెండు వందల దుప్పట్లు చేతికి అంటుకుంటున్నాయి. ఆసుపత్రి వాళ్ళు బండి వెనక్కి తిప్పి పంపారు. మేస్త్రీ అందరి ముందూ, "పెద్ద సైంటిస్టులొచ్చారు" అన్నాడు. నన్ను మిషన్ మీద నుంచి తీసి మాసిన బట్టలు విడదీసే గదిలో వేశారు. వచ్చే నెల మొదటికల్లా దుప్పట్లు బాగుపడకపోతే నేను ఇంటికి పోవచ్చని యజమాని అన్నాడు.

దాని గురించి కాదు ఈ ఉత్తరం.

ఆ నీళ్ళు నాలిక మీద వేసుకుని చూశాను. ఉప్పు కషాయం. అప్పుడు గోడ మీది నీ కాయితం మళ్ళీ చదివాను. ఉప్పు నీళ్ళు పోశావు, అరగంట ఉంచావు, వాడుకోమన్నావు. ఆ ఉప్పు ఎక్కడికి పోయిందే? నేను జన్మలో ఒక్క గుడ్డ కూడా జాడించకుండా ఆరేయలేదు. ఏది పోసినా కడగాలి. చేత్తో ఆ పని చేసిన మనిషి కడగడం మర్చిపోయి రాయదు. ఆ చెయ్యే రాయనివ్వదు. మధ్యలో ఒక మెట్టు లేదు, లేదన్న సంగతి నీకు తెలియలేదు.

అంటే నువ్వు చెయ్యలేదు. దగ్గరుండి చూడను కూడా లేదు.

మూడు ఉత్తరాలూ బయటికి తీసి వెనక వైపులు చూశాను. అద్దె కాయితం, పాత్రల రసీదు, అంతకు ముందొచ్చిన ఆ మూడు లైన్లదాని వెనక ఎవరిదో బస్సు పాసు. ఉత్తరాలు తీసుకోడానికి మాత్రం షాపుకెళ్ళే కాలేజీ పిల్లకి ఇన్ని షాపు కాయితాలు ఎందుకు దొరుకుతాయి? ఎక్కడున్నావు మిడతా? నీళ్ళు నమలకుండా రాయి.

అత్త

ఆగస్టు 14

అత్తా,

దీనితో పాటు జూన్ 20న రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ముందు అది చదువు.

చదివావు కదా. ఇక పాఠాల సంగతి. నీ షరతు వచ్చాక, షాపుకి వచ్చే నోట్సుల్లోంచి నీకు పాఠాలు వెతకడం మొదలుపెట్టాను. తొట్టి గురించి నాతో చదివిన ఒక కళ్ళద్దాల అమ్మాయి నోట్సులో దొరికింది. ఆమెకి తెలియకుండా నాకొక కాపీ తీసుకున్నాను. మిషన్ ఒక వైపు మాత్రమే తీసేలా పెట్టి ఉంది, నేను చూసుకోలేదు. ఆమె కాగితానికి రెండు వైపులా రాస్తుంది. కడిగే మెట్టు రెండో వైపు ఉండిపోయింది. వాక్యం అతకలేదని కళ్ళకి కనిపిస్తూనే ఉంది. అడిగితే దొంగతనం బయటపడుతుందని అడగలేదు.

నీ ఉత్తరం అందిన పూటే ఆమె దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. "నువ్వు మా వెనక బెంచీలో కూర్చునేదానివి కదా, నీకు ఒంట్లో బాగాలేదనుకున్నాం" అంది. అంతే అత్తా. ఆరు మార్కులు నాకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేవు.

రెండో వైపు ఇది: ఉప్పు నీళ్ళు అరగంట ఉంచాక పూర్తిగా వదిలెయ్యాలి. మంచి నీళ్ళు ముందు నెమ్మదిగా, తర్వాత జోరుగా పంపాలి. బయటికొచ్చే నీళ్ళలో ఉప్పు రుచి పోయి, నీ సీసాలో నాలుగైదు చుక్కలకే నురగ నిలిచేదాకా కడగాలి. అప్పుడే వాడాలి. ఈసారి ఆమెనే సరిచూడమన్నాను. పూర్తి కాపీ కూడా పెడుతున్నాను, రెండు వైపులా.

నీ ఉద్యోగం పోతే కారణం నేను. అక్కడికి వచ్చేస్తాను. నీ బదులు మాసిన బట్టలు నేను విడదీస్తాను. ఇక్కడ ఉండి ఏం చెయ్యాలి?

సంతకం చెయ్యడానికి మొహం చెల్లడం లేదు.

సెప్టెంబరు 3

ఏమే,

ఆ మాసిన బట్టల గది నీకిచ్చేంత గొప్ప మనసు నాకు లేదు. ఇక్కడికి రావద్దు.

ముందు మంచి మాట. కడిగాం. రెండు గంటలు కడిగాం. ప్రతి బకెట్టూ నేనూ ఇస్త్రీ ఆమే నాలిక మీద వేసుకుని చూశాం. "రేపటికి నాకు బీపీ వస్తే నీ మేనకోడలే దిక్కు" అంది. నాలుగు చుక్కలకి నురగ నిలబడింది! దుప్పట్లు పాలలా వచ్చాయి. యజమానితో తప్పు మాదేనని, ఒక మెట్టు వదిలేశామని నేనే చెప్పాను. ఆయన "ఇకమీదట ఆ తొట్టి నువ్వే చూసుకో" అన్నాడు. మేస్త్రీ ఇప్పుడు తొట్టి దగ్గరికి వచ్చినప్పుడల్లా దగ్గుతాడు. అడగాలనుంటుంది, అడగలేడు.

ఇక నీ సంగతి. మూడు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. కోపం నీ మీద కొంతే. మిగతాది నా మీద.

మన వంశంలో బడి మొహం చూసిన మొదటిదానివి నువ్వని ఇన్నేళ్ళూ చెప్పాను. అబద్ధం. నేను చూశాను. ఒకటో తరగతి అయింది, రెండోది సగం. ఒకరోజు పలక మీద అంకె తిరగేసి రాశానని పిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి బడికని బయల్దేరి పిండిమర వెనక కూర్చునేదాన్ని. మా అమ్మకి ఎనిమిది నెలలు తెలియలేదు. తెలిశాక, "పోనీలే, ఆడపిల్ల, పనికొస్తుంది" అంది. తిట్టుంటే బాగుండేది. లాక్కెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టుంటే ఇంకా బాగుండేది.

నేను మా అమ్మలా పోనీలే అనను. లాక్కెళ్ళడానికి అంత దూరం రాలేను గనుక ఈ ఉత్తరమే నీ చెవి పట్టుకుందనుకో. ఆ సార్ నిన్ను ఎక్కడ అర్థం కాలేదని అడిగాడు కదా? ఏడు నెలలయింది, జవాబు బాకీ ఉన్నావు. వెళ్ళి చెప్పు. మళ్ళీ చేర్చుకోం అంటే ఎందుకో కనుక్కో. చేర్చుకుంటే ముందు బెంచీలో కూర్చో.

అత్త

సెప్టెంబరు 28

అత్తా,

వెళ్ళాను.

మళ్ళీ చేరడానికి ఈ నెలాఖరే గడువు. సార్ గది బయట అరగంట నిలబడి, మూడుసార్లు వెనక్కి తిరిగి, నీ ఉత్తరం జేబులో ఉందని గుర్తొచ్చి లోపలికి వెళ్ళాను. "సార్, ఫిబ్రవరిలో మీరొక ప్రశ్న అడిగారు" అన్నాను. ఆయనకి గుర్తు లేదు. నేనే గుర్తుచేసి, నాకు అర్థం కానివన్నీ రాసుకెళ్ళిన కాగితం ఇచ్చాను. పదిహేడు ఉన్నాయి. ఆయన చదివి, "ఇవి తెలియడానికే ఏడు నెలలు పట్టిందా? పర్లేదు. కొందరికి మూడేళ్ళయినా తెలియదు" అన్నారు. రెండో ఏడాది మొదటి నుంచి చదవాలి. ఒక ఏడాది పోయినట్టే. పక్కన కూర్చునేవాళ్ళు నన్ను అక్కా అంటున్నారు. షాపు ఓనరు సాయంత్రాలు పనిచెయ్యమన్నారు.

నిన్న లాబ్‌లో నాకు వచ్చిన పని ఏమిటో ఊహించు. నీటి కాఠిన్యం కొలవడం. ఇప్పుడు నిజంగా నా చేతులతో చేసిన పాఠం చెబుతాను. నీళ్ళు ద్రాక్ష రంగులో ఉంటాయి. పై గొట్టంలోంచి మందు చుక్క చుక్కగా వదులుతుంటే ఒక చుక్క దగ్గర నీలమవుతుంది. ఆ చుక్క దగ్గరే ఆపాలి. నేను ఆపలేదు. నీలం వచ్చిన ఆనందంలో ఇంకో మూడు చుక్కలు పోనిచ్చాను. నీలం అయ్యాక ఎంత వేసినా నీలమే కాబట్టి చూస్తే తెలియదు. కొలత తప్పు వచ్చింది. ఇది ఎవరి నోట్సులోనూ లేదు అత్తా. రెండోసారి సరిగా వచ్చింది.

మీ బోరు నీళ్ళు ఒక సీసా పంపుతావా? సార్‌ని అడిగాను, తెచ్చి చెయ్యమన్నారు.

నీ ముందు బెంచీ,
మిడత

అక్టోబరు 10

మిడతకి,

సీసా పంపుతున్నాను, దుప్పట్ల బండి డ్రైవరు అటు వస్తున్నాడు. మూత గట్టిగా బిగించాను. అతను దాహమేసి తాగకుండా సీసా మీద "విషం" అని రాశాను. నువ్వు భయపడకు.

నా లెక్క ముప్పై ఎనిమిది చుక్కలు. నీ గొట్టం ఏమంటుందో రాయి. నీళ్ళు ఎంత కఠినమో నీకు తెలిశాక నాకు ఉప్పు ఎంత వెయ్యాలో తెలుస్తుందట కదా. ఇద్దరికీ పని ఉంది.

నాకు కాయితాలు కరువు లేదు గానీ, నీ నుంచి నేర్చుకున్నాను, పాడైనదాన్ని పారెయ్యకూడదని. ఈ ఉత్తరం అలాంటిదాని మీదే రాశాను. చదవడం అయిపోయిందనుకుని మడిచిపెట్టకు.

అత్త

(కాగితం రెండో వైపు, అచ్చు దరఖాస్తు, పెన్సిల్‌తో నింపినది)

పెద్దల కోసం సాయంత్రపు తరగతులు

అభ్యర్థి పేరు: (ఇక్కడ టీ ఒలికి అలుక్కుపోయింది)

వయసు: యాభై ఒకటి

వృత్తి: నీళ్ళ తొట్టి చూసుకోవడం

చివరగా చదివిన తరగతి: రెండు, సగం

మధ్యలో ఆపడానికి కారణం: సిగ్గు

చేరదలచిన తరగతి: మిగతా సగం నుంచి